ఆదిశేషమ్మ కొంచెం

ఎదురింటి వినీల గురించి చెప్పాలంటే ముందు వాళ్ళమ్మ గురించి చెప్పాలి. వాళ్ళమ్మ గురించి చెప్పాలంటే ముందు నా కోపం చల్లారాలి. చెప్పాపెట్టకుండా పోయింది మహాతల్లి. నాట్లు పడుతున్న రోజుల్లో ఒకనాడు తెల్లారి నిద్ర లేవలేదు, అంతే. ముందు రోజు సాయంత్రం నా అంగడికొచ్చి, చింతపండులో అన్నీ గింజలే ఉన్నాయని నాతో జగడమాడింది. రేపు మంచిది తెప్పిస్తాను వదినా అంటే, "చూస్తాగా" అని మూతి తిప్పుకుంటూ వెళ్ళింది. మర్నాడు మంచి చింతపండే వచ్చింది. ఎవరికి పొట్లం కట్టాలో తెలియక డబ్బాలో వేసి మూత పెట్టాను.

నా పేరు రోజారమణి. సూళ్లూరుపేట దాటి పులికాటు వైపు పోయే దారిలో మా ఊరు, ఊరి మొదట్లోనే నా చిల్లర అంగడి. ఎదురుగా హజరత్తయ్య అన్న ఇల్లు. అన్నది వరి సేద్యం. ఆదిశేషమ్మ ఆయన భార్య, వరసకు నాకు వదిన. వాళ్ళకు ఒక్కతే కూతురు వినీల. నెల్లూరులో చదువుకుని అక్కడే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసే పనిలో చేరింది. తల్లి పోయాక ఇంటి నుంచే పని చేస్తానని వాళ్ళను ఒప్పించుకుని వచ్చేసింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో ల్యాప్‌టాప్, పొద్దు గుంకేదాకా అదే లోకం.

ఆ పిల్ల రాసేది కొలతలు మార్చే యాప్. మా దగ్గర వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే ఎనిమిదొందల యాభై కిలోలు. సర్కారు వాళ్ళకు క్వింటాళ్ళలో చెప్పాలి. ఇళ్ళ స్థలమైతే అంకణాలు. మా నెల్లూరు అంకణం వేరు, తిరుపతి అంకణం వేరు, కాగితాల్లోకి ఎక్కేది మళ్ళీ గజాలు. ఈ తలనొప్పంతా ఆ యాప్ చూసుకుంటుంది. మన అంకె కొడితే మనకు కావలసిన కొలతలోకి మార్చి చూపిస్తుంది. మంచి పనే, కాదనను. అయితే ఆ పిల్ల ఆ పని చేసే తీరు చూస్తే నాకు మింగుడుపడేది కాదు.

తల్లి పోయిన రోజు వినీల ఏడవలేదు. వచ్చిన వాళ్ళకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఎవరు ఏ బస్సుకు పోవాలో చెప్పింది. కర్మంతరం నాడూ అంతే. పాపం దిగ్భ్రమలో ఉంది, నాలుగు రోజులు పోతే కుదుటపడుతుందన్నారు ఆడవాళ్ళు. నాలుగు రోజులేమిటి, నాట్లు వేసిన పైరు ఈనింది, గింజ పాలు పోసుకుంది. ఈ పిల్ల మాత్రం అలాగే ఉంది. పిలిస్తే పలుకుతుంది. తినమంటే తింటుంది. శ్రీహరికోటలో రాకెట్టు వదిలినప్పుడు మా ఇళ్ళల్లో గిన్నెలు గలగలలాడతాయి. ఎన్నిసార్లు చూసినా జనం వీధిలోకి పరిగెత్తుకొచ్చి మెడలు పైకెత్తుతారు. మొన్న వదిలినప్పుడు నేనూ కాటా మీది పప్పు కాటా మీదే వదిలేసి వచ్చాను. వినీల వరండాలో తల ఎత్తలేదు. "రాకెట్టు మే!" అని అరిచాను. "ఊ" అంది.

అన్న ఇంకో రకం. ఆయనెప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఇప్పుడు మరీ తగ్గిపోయాడు. మాట సంగతి సరే, మనిషే తగ్గిపోతున్నాడు. చొక్కా ఒంటి మీద కాక కొయ్యకు తగిలించినట్టుంది. మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుంటాడు. ఒక గరిటె అన్నం పడగానే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాడు. వినీల గరిటె వెనక్కి తీసుకుంటుంది. ఆ నాలుగు ముద్దలతో లేచి పొలానికి పోతాడు. పెళ్ళాం పోయిందని దిగులు పెట్టుకున్న మగవాళ్ళను చూశాను నేను. కోతల నాటికి మనిషి నిలబడతాడా అని నాకు భయం పట్టుకుంది.

అక్కడికీ వండేది తక్కువేం కాదు. వదిన బియ్యం కొలిచే పాలడబ్బా ఒకటుంది, మూతి సొట్టపోయింది. మనిషికో డబ్బా. మా పెద్దలు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, మొదటి కొలతను లాభం అనేవారు. వదిన బియ్యం కూడా అలాగే కొలిచేది. "లాభం, రెండు, మూడు." వినీలా అలాగే కొలుస్తోంది. లాభం, రెండు, మూడు. ఇద్దరే ఉన్న ఇంట్లో మూడు డబ్బాలు. రోజూ సగం గిన్నె మిగలడం, బర్రె కుడితిలో పడడం.

"ఇద్దరికి మూడు డబ్బాలేందిమే?" అని ఒకరోజు అడిగేశాను. డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "అవునత్తా" అంది. మర్నాడు మళ్ళీ మూడే.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత చెప్పినవాడెవడో మా వదినింట్లో భోంచేసి ఉండడు. ఆదిశేషమ్మ "కొంచెం వేస్తా" అని గరిటె ఎత్తిందంటే ఊళ్ళో వస్తాదులు కూడా జడిసేవాళ్ళు. నేనైతే ఆమె ఇంటికి పని మీద పోవాలంటే పరగడుపున పోయేదాన్ని. ఆ ఇంట్లో ఇప్పుడు మనిషి ఎండిపోతున్నాడు.

అలాంటి రోజుల్లో వినీల పని చేసే కంపెనీ యజమాని నరేంద్రబాబు ఫోన్ చేశాడు. ఆ పిల్ల స్పీకరు పెట్టే మాట్లాడుతుంది కాబట్టి వీధిలో వాళ్ళకు కూడా వినపడుతుంది.

"వినీలా, ఇంకో యాప్ వాళ్ళు కూడా పుట్టి, అంకణం అన్నీ పెట్టేశారమ్మా. మనం కొత్తగా ఏదన్నా చెయ్యాల. నవ్వొచ్చే కొలతలు కొన్ని పెడదాం. జనం చూసి, పడీ పడీ నవ్వి, ఒకరికొకరు పంపుకోవాల."

"సరే సార్" అంది వినీల.

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇంతమంది ఉండగా నవ్వించే పని ఈ పిల్లకే దొరికిందా! ఆ నరేంద్రబాబుకేం తెలుసు, ఆయన నెల్లూరులో కూర్చుని ఉన్నాడు. ఆమె మాత్రం లేచి, వీధి దాటి, నా అంగడికొచ్చి, సబ్బు అడిగినంత మామూలుగా అడిగింది.

"అత్తా, నవ్వొచ్చే కొలతలు కావాలంట. నీకేమన్నా తెలుసా?"

అప్పుడక్కడ ఆటో పెంచల్ సోడా తాగుతున్నాడు. వాడికి అడక్కపోయినా చెప్పే గుణం.

"రాసుకోమే! 'వచ్చేసినా.' అదొక కొలత. బేరమోళ్ళు ఫోన్ చేస్తే నేను చెప్పేది అదే గదా, వచ్చేసినా, సెంటర్లో ఉండా అని."

"అప్పటికింకా ఇంట్లో పళ్ళు తోముకుంటా ఉంటాడు" అన్నాను నేను.

పెంచల్ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. వినీల నవ్వలేదు. "ఒక వచ్చేసినా అంటే ఎన్ని నిమిషాలన్నా?" అని అడిగింది. ఏమో మే, నేనేమన్నా గడియారం చూసుకుంటానా అన్నాడు వాడు. మర్నాడు పొద్దున ఆ పిల్ల నిజంగానే వాడికి ఫోన్ చేసి ఆటో కావాలని చెప్పి, వరండాలో నిలబడి సమయం చూసింది. వాడొచ్చాక, "నలభై నిమిషాలు. నాకు ఆటో అవసరం లేదన్నా, ఏమనుకోవాక" అని లోపలికి పోయింది. పెంచల్ నా వైపు చూశాడు. వాడి చేతికి ఒక సోడా ఇచ్చాను.

నేను సూళ్లూరుపేట నూర్‌బీ పేరు చెప్పాను. జాకెట్లు కుట్టే నూర్‌బీ 'రేపు రా అక్కా' అంటే ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికి కూడా తెలియదు. వినీల నూర్‌బీకీ ఫోన్ చేసింది. "మీ రేపు అంటే ఎన్ని రోజులక్కా?" అని అడిగితే, ఆమె అటువైపు నవ్వు ఆపుకోలేక, "పండగ ముందర రేపా, పండగ అయినాక రేపా?" అని అడిగింది. ఈ పిల్ల రెంటినీ విడివిడిగా ఎక్కించింది. మా అంకాలమ్మవ్వను ఎవరైనా దారి అడిగితే "పక్కనే నాయనా" అంటుంది. పక్కనే అన్న చోటికి ఎండలో నడిచి ఎంతమంది శాపనార్థాలు పెట్టారో! దాన్ని కూడా బండి మీద పోయి కిలోమీటర్లలో చూసుకొచ్చింది. ఊరంతా నవ్వుతోంది. ఊరి నవ్వంతా ఆమె చేతిలో అంకెలైపోతోంది. నవ్వించే పనిని ఇంత మొద్దుబారి చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చూస్తుంటే భయమేసేది.

ఆ ఊపులోనే పెంచల్ నోరు జారాడు.

"అన్నీ పెట్టి అసలుదాన్ని మర్చిపోయినావు మే. ఆదిశేషమ్మక్క కొంచెం!"

అనేశాక తెలిసింది వాడికి. సోడాబుడ్డి నోటి దగ్గరే ఆగిపోయింది. దాన్ని లాక్కుని వాడి నెత్తిన పగలగొడదామా అనిపించింది నాకు. వినీల ముఖంలో ఏ మార్పూ లేదు.

"అవును గదా" అంది. "అది ఎన్ని గ్రాములు?"

పెంచల్ సోడాబుడ్డి దించి అంగడి మెట్టు మీద పెట్టాడు.

"అత్తా, మధ్యాహ్నం నీ కాటా ఒకసారి ఇస్తావా?"

అంగడి నడిపేవాళ్ళు కాటా చేయి దాటనివ్వరు. నేను తీసిచ్చాను. ఇవ్వడమే కాదు, కాటా జాగ్రత్త అనే వంకతో వెనకాలే పోయాను.

వంటింట్లో చాప పక్కన నా కాటా పెట్టింది. దాని మీద అన్న పళ్ళెం పెట్టి సున్నా చేసింది. అన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుని, పళ్ళెం ఎత్తున ఉండడం చూసి, "ఏందిమే ఇది?" అన్నాడు. "ఆఫీసు పని నాన్నా" అంది. గరిటెడు అన్నం వేసింది. రెండో గరిటె ఎత్తేలోగా ఆయన చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాడు. ఆమె ఆపి అంకె చూసింది.

"నాన్నా, అమ్మ కొంచెం ఇంతేనా?"

అన్న పళ్ళెం వైపు చూశాడు. "కాదు" అన్నాడు.

మర్నాడు పెద్ద గరిటె పెట్టింది. చాలన్నాడు. ఆపింది. ఇదేనా? కాదు. ఆ మర్నాడు అంతే. వదిన కొంచెం ఎంతో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే, ఆయనేమో ఒక గరిటెకే చెయ్యి అడ్డం పెడతాడు. నా కాటా రోజూ వీధి దాటి పోతోంది, వస్తోంది. గిన్నెలో అన్నం రోజూ మిగులుతోంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. తిండి తూచుకునే ఇల్లు బాగుపడుతుందా?

మళ్ళీ నరేంద్రబాబు ఫోన్ వచ్చింది. నేను వరండాలోనే ఉన్నాను, కాటా కోసం.

"అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. నూర్‌బీ రేపు చూసి మా ఇంట్లో ఒకటే నవ్వు. చివర్న ఒకదానికి అంకె వెయ్యలేదే నువ్వు. ఆదిశేషమ్మ కొంచెం. ఎవరమ్మా ఈ ఆదిశేషమ్మ?"

"మా అమ్మ సార్."

మంచివాడే, గొంతు తగ్గించాడు. "అయ్యో, తెలీక అడిగినాను. సరే, ఏదో ఒక అంకె వేసెయ్యమ్మా. నవ్వుకోడానికే గదా, తూకమేసి ఎవరు చూస్తారు?"

"వెయ్యను సార్."

"పోనీ, పేరు తీసేసి ఉత్త 'అమ్మ కొంచెం' అని..."

"తియ్యను సార్. అంకె దొరికినప్పుడు వేస్తా. దొరకలేదా, మీ యాప్ మీరే చూసుకోండి."

ఫోన్ పెట్టేసింది. నేను లేచి నిలబడ్డాను. నాట్ల నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల నోట సరే అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు నేను. ఈ గొంతు నాకు తెలుసు. చింతపండు దగ్గర నాతో జగడమాడిన గొంతే.

ఆ మధ్యాహ్నం కూడా కాటా మీద పళ్ళెం పెట్టింది. వంకాయ ఎండురొయ్యల కూర చేసింది, వాసన వీధిలోకి వస్తోంది. ఒక గరిటె అన్నం పడగానే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

గరిటె ఆగింది. ఈసారి మాత్రం ఆమె అంకె చూడలేదు.

"ఏంది నాన్నా నువ్వు? ఇది కాదంటావు, వెయ్యబోతే చాలంటావు. నేనెట్టా కొలిచేది? అమ్మ ఎంత వేసేదో నువ్వు గాకపోతే నాకెవరు చెప్తారు?"

అన్న తల ఎత్తలేదు. పళ్ళెం మీద పెట్టిన చెయ్యి కూడా తియ్యలేదు.

"మీ అమ్మ ఉన్నప్పుడు కూడా నేను చాలనే అన్నా గదామే" అన్నాడు. "ఏ పొద్దన్నా ఇంకొంచెం పెట్టమని నోరు తెరిచి అడిగినానా? ఇట్నే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. ఆమె ఆగిందా? చేతి మీదనే పోసేది."

నా నెత్తిన మొట్టికాయ పడ్డట్టయింది. మా పక్క మొదటిసారి చాలంటే ఎవరు ఆపుతారు? చాలనడం తినేవాడి మర్యాద, ఆపకపోవడం పెట్టేవాళ్ళ మర్యాద. ఆపితే ఆ ఇంటికే నామోషీ. చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఈ ఇంట్లో ఇన్నాళ్ళుగా ఆయన చాలంటున్నాడు, ఈ పిల్ల ఆపేస్తోంది. రోజూ గుమ్మంలో నిలబడి చూస్తూ నేను బియ్యం డబ్బాలు లెక్కపెడుతున్నాను!

గరిటె గాల్లోనే ఉంది. వినీల నాన్న చేతి వైపు చూస్తోంది. ఆ చెయ్యి పళ్ళేనికి అడ్డంగా, వేళ్ళు కాస్త ఎడంగా పెట్టి ఉంది.

"కొంచెమే నాన్నా" అని, ఆ చేతి మీద పోసింది.

వేడి వేడి అన్నం. పొగలొస్తున్నాయి. అన్న చెయ్యి తియ్యలేదు. ఇంకో గరిటె పోసింది. వేళ్ళ సందుల్లోంచి మెతుకులు పళ్ళెంలోకి జారుతున్నాయి. ఆయన చెయ్యి పళ్ళేన్ని నొక్కేసరికి నా కాటాలో అంకెలు పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ పోతున్నాయి. "అంకె చూడవే" అన్నాను అలవాటు కొద్దీ. ఎవరూ చూడలేదు.

"ఇదే" అన్నాడు అన్న.

అప్పుడు ఏడ్చింది వినీల. గరిటె పట్టుకునే, నిలబడే, ముక్కు ఎగబీలుస్తూ చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మా అమ్మా అని పిలిచింది. అన్న ఓదార్చలేదు. చేతి మీది అన్నం చేతి మీంచే నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత పళ్ళెంలోది కలుపుకున్నాడు. తలొంచుకుని మొత్తం తిన్నాడు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వూ కూర్చో అత్తా."

"నేను తినొచ్చినా మే."

"కూర్చో."

కూర్చున్నాను. పళ్ళెం వేసింది. వద్దే, చాలే, నా మాట విను, అని చెయ్యి అడ్డం పెట్టాను. నా చేతి మీద పోసింది. చుర్రుమంది. దాని అమ్మ పోసినప్పుడు కూడా అంతే చుర్రుమనేది, ఎన్ని తిట్లు తిట్టేదాన్నో! ఆ రోజు తిట్టలేకపోయాను. మూడో డబ్బా అన్నం ఖాళీ అయింది. చివర్న వినీల తన పళ్ళెంలోకి గిన్నె అడుగు గీరుకుంటుంటే ఆ చప్పుడు వింటూ తిన్నాను. బర్రెకు ఆ పూట ఉత్త గంజి నీళ్ళే దక్కాయి.

సాయంత్రం కాటా తెచ్చిచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అంకె దొరికిందా అని అడిగాను. "అంకె లేదత్తా దానికి" అంది.

యాప్‌లో ఆ కొలత ఇప్పుడు కూడా ఉంది, పేరుతో సహా. నరేంద్రబాబు ఏమీ అనలేదట. వచ్చేసినా కొడితే నిమిషాల్లో చెబుతుంది, పక్కనే కొడితే కిలోమీటర్లలో చెబుతుంది. ఆదిశేషమ్మ కొంచెం దగ్గర మాత్రం ఎన్ని గ్రాములు కొట్టినా, ఎన్ని కిలోలు కొట్టినా ఒకటే జవాబు వస్తుంది: "ఇంకొంచెం". పెంచల్ ఒక పూటంతా రకరకాల అంకెలు కొట్టి ఓడిపోయాడు.

కోతలయ్యాయి. వడ్లు లారీకెత్తించి అన్న నా అంగడికొచ్చాడు. చొక్కా మళ్ళీ భుజాల మీద కూర్చుంది. జేబులోంచి ఫోన్ తీసి దూరంగా పట్టుకుని, చూపుడువేలితో నెమ్మదిగా నొక్కుతున్నాడు.

"ఏంది అన్నా కొడతన్నావు?"

"పుట్టి వడ్లు కొట్టి చూస్తుండా. మా ముగ్గురికీ ఏడాది..." ఆగాడు. బొత్తం నొక్కాడు. వచ్చిందాన్ని పైకే చదివాడు. "ఇంకొంచెం."

తర్వాత ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు మే" అన్నాడు.

నాతో అన్న మాట కాదది. ఆనాడు మూత పెట్టిన డబ్బా తెరిచి, గింజ లేని చింతపండు పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టాను.